ఫిర్యాదుల పెద్దమనిషి

టీ నీళ్లు మరిగేలోపు ఆ పని అయిపోతుందని జానిల్ గట్టిగా నమ్మింది. పనేమీ పెద్దది కాదు. తమ నెట్ కంపెనీ వాడుకునే అంకెల చిరునామాలకు ఒక ఫిర్యాదుల ఈమెయిల్ పెట్టి, ఆ సంగతి ఆమ్‌స్టర్‌డామ్‌లో చిరునామాలు పంచే కచేరీకి తెలియజేయాలి. అంతే. ఇంతకుముందున్న ఈమెయిల్ పెట్టె ఎప్పుడో ఉద్యోగం మానేసి గొర్రెలు కాసుకోవడానికి వెళ్లిపోయిన ఒకాయన పేరు మీద ఉంది. ఆయన కొండమీద హాయిగా మందను తోలుకుంటుంటే ఇక్కడ పెట్టె నిండి పొర్లిపోయింది. లోకంలో ఎవరు ఏ ఫిర్యాదు పంపినా వచ్చిన దారినే తిరిగిపోతోంది.

పోతే పోనీ అని ఊరుకునే రోజులు కావవి. కిర్గిజ్ కొండల్లోని ఈ నారిన్ ఊళ్లో ఏదో ఇంట్లో పాడైన యంత్రం ఒకటి జర్మనీలోని కంప్యూటర్లలో దూరాలని తెగ ప్రయత్నిస్తోంది. ఆ జర్మనీవాళ్లు చెడ్డ చిరునామాల జాబితా ఒకటి నడుపుతుంటారు. ఫిర్యాదు మీద ఫిర్యాదు పంపి, జవాబు లేక విసిగి, కంపెనీ చిరునామాలన్నిటినీ గంపగుత్తగా ఆ జాబితాలో ఎక్కించేశారు. దాంతో ఊళ్లోని బ్యాంకు పంపే ఈమెయిల్ ఉత్తరాలను ఎక్కడా ముట్టుకోవడం లేదు. బ్యాంకు మేనేజరు జుమాగుల్ నిన్ననే ఫోన్ చేసి, ఈ వారంలో సరిచేస్తే సరి, లేకపోతే రాజధాని బిష్కెక్‌లోని కంపెనీకి మారిపోతామని తెగేసి చెప్పింది.

బ్యాంకు పోతే కంపెనీ లేదు. కంపెనీ లేకపోతే ఆ లోయ మొత్తంలో జానిల్ చదువుకు తగిన కొలువు ఇంకొకటి లేదు. అత్తగారింట్లో ఆవుల పాలు పితుక్కుంటూ, వచ్చేపోయే చుట్టాలకు టీ పోస్తూ కూర్చోవాలి. పాలు పితకడం ఆమెకు రాక కాదు. ఆమె పితకడం ఆవులకు నచ్చదు.

అందుకే ఆ పొద్దున కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఆమె గుండె రేసుకు ముందు గుర్రం గుండెలా కొట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే కంపెనీ యజమాని కెంజెబెక్ గుమ్మంలో అడుగుపెట్టాడు. ఒకప్పుడు కుస్తీ నేర్పిన మనిషి. నెట్ గురించి ఆయనకు తెలిసినవి రెండే సంగతులు: తీగ తెగిందా, తెగలేదా. ఊరంతా ఆయన్ని కెంజె బైకే అంటుంది, బైకే అంటే అన్నయ్య.

"పొద్దున్నే ఏంటమ్మా అంత హుషారు?"

"ఫిర్యాదులకి చిరునామా పెడుతున్నా బైకే. మన నెట్ వాడుకుని ఎవడన్నా వెధవ పని చేస్తే ఎవరికి చెప్పుకోవాలో లోకానికి తెలియాలి కదా."

"ఎవరికి చెప్పుకోవాలి?"

"ఎవరికని కాదు, ఓ పెట్టె పెట్టేస్తా. వచ్చినవి నేను చూసుకుంటా."

కెంజె బైకే కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడంటే టీ చల్లారిపోయిందని అర్థం.

"నువ్వు చూస్తావా? పెళ్లయి ఏడాది తిరగలేదు నీకు. పాపం జర్మనీవాడు నెత్తీ నోరూ కొట్టుకుంటూ వస్తే, పోయి మా కొత్తకోడలితో చెప్పుకో అంటామా? మన మొహాన ఉమ్మెయ్యడూ?"

"వాడు రాడు బైకే! వాడి మెషిన్ మెయిల్ పంపుద్ది, అంతే."

"మెషిన్ వెనకాల మనిషుండడా? ఇది చెప్పు. మనూళ్లో ఒకడి ఆవు పక్కోడి గడ్డివాము తింటే ఎవరి దగ్గరికెళ్తాం?"

"తెల్లగడ్డాల కోర్టుకి."

"ఎందుకెళ్తాం? గడ్డం చూస్తేనే సగం కోపం దిగిపోద్ది గనక! మీ పేట పెద్దల కోర్టుకి పెద్దెవరు? మీ మావగారు! ఇంట్లో బంగారం పెట్టుకుని పెట్టె పెడతానంటావేంటి నువ్వు?"

జానిల్ ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. కుస్తీలో పట్టు దొరికాక వదలడం ఆయన ఎవరికీ నేర్పలేదు, తానూ నేర్చుకోలేదు. చివరికి ఆమె ఒప్పుకొంది గాని, ఇంకో చిక్కు వచ్చిపడింది. కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదు. పలకడమే కాదు, ఆ పేరులో ఉన్న మాటనూ పలకకూడదు. మామగారి పేరు తెమిర్‌కుల్. తెమిర్ అంటే ఇనుము. అందుకని కాపురానికి వచ్చినప్పటి నుంచి జానిల్ ఇనుప చీపురును 'గట్టి చీపురు' అంటోంది, ఇనుప గేటును 'బరువు గేటు' అంటోంది. చేత్తో రాయడం తప్పో కాదో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఎందుకైనా మంచిదని తీగలు లాగే ఎసెన్‌ను పిలిచింది.

"ఇక్కడ పేరు కొట్టు ఎసెన్ బైకే."

"ఎవరి పేరు?"

"ఆయనదే."

"ఆయనంటే?" ఎసెన్ మీసాల్లో నవ్వుకున్నాడు. "ఒక్కసారి అను, వెంటనే కొట్టేస్తా. ఎవరికీ చెప్పన్లే."

"నువ్వు కొడతావా, మీ ఆవిడకి ఫోన్ చెయ్యనా?"

ఎసెన్ కొట్టాడు. పేరు, ఫోను, ఇంటి చిరునామా, అన్నీ. ఆ క్షణం నుంచి నారిన్ లోయ అంకెలన్నిటికీ లోకం ముందు జవాబుదారీ తెమిర్‌కుల్ ఆతా. ఆతా అంటే తండ్రిలాంటి పెద్దాయన.

తెమిర్‌కుల్ పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాడు. పెద్దల కోర్టుకు పెద్ద అయ్యాక ఊళ్లో తగాదాలు తగ్గిపోయాయి. అది ఆయన ఘనతేనని అందరూ అంటారు గాని, ఆయనకు అదే దిగులు. ఆ ఏడాది ఆయన ముందుకు వచ్చిన కేసులు రెండే, ఆ రెండూ ఒకే కోడి మీద. కోడలు మధ్యాహ్నం వచ్చి, సిగ్గుపడుతూ, ఇకమీద లోకంలో ఎవరికి కష్టం వచ్చినా మీకే చెప్పుకుంటారని చెప్పేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. పండక్కి పెట్టుకునే తెల్ల ఊలు టోపీ తీసి పెట్టుకున్నాడు.

"ఏ దేశాలవాళ్లు రాస్తారమ్మా?"

"ఏ దేశమైనా రాయొచ్చు ఆతా."

"ఇన్నాళ్లూ వాళ్లందరికీ జవాబే లేదా?"

"లేదు."

"ఎంత తప్పు! ఎంత పరువు తక్కువ!" అంటూ ఆయన భార్య వైపు తిరిగాడు. "ఏమే, బల్ల తుడువు. ఫిర్యాదులు వస్తున్నాయి!"

ఫిర్యాదులు వచ్చాయి. వానాకాలం ఏరులా వచ్చాయి. మీ ఫలానా అంకె నుంచి మా కంప్యూటరులో దూరడానికి ప్రయత్నం జరిగింది, చర్య తీసుకోండి అని జర్మనీ నుంచి ఒకటి. అది చదివేలోపు ఇంకొకటి, దాని వెనకే మరొకటి. ఫోను వాటిని ఏ భాషలో వచ్చినా కిర్గిజ్‌లోకి మార్చి పెడుతుంది. ఆతా కళ్లద్దాలు సవరించుకొని ప్రతి ఒక్కదానికీ జవాబు రాయడం మొదలుపెట్టాడు. క్షేమమా, పిల్లలు క్షేమమా, పశువులు క్షేమమా, చలికాలం ఎలా ఉంది అని ముందు అడిగి, మావాడెవడో తప్పు చేశాడు, విచారిస్తాం, ఒకసారి వచ్చి మా ఇంట టీ తాగి వెళ్లండి అని ముగించాడు.

పంపీ పంపగానే జవాబు వచ్చింది. మీ ఉత్తరం అందింది, మీకు కృతజ్ఞతలు అని.

"చూశావా మర్యాద!" ఆతా పొంగిపోయాడు. "మన మనవళ్లకి ఉత్తరం రాస్తే ఏడాదికి పలుకుతారు. వీళ్లు కనురెప్ప వేసేలోపు పలికారు!"

అది యంత్రం రాసిన జవాబని చెప్పడానికి అప్పుడు జానిల్ ఇంట్లో లేదు. మర్యాదగా జవాబు రాసినవాడికి మళ్లీ జవాబు రాయకుండా ఉండటం ఆతాకు చేతకాదు. మీకూ కృతజ్ఞతలు, పశువులు క్షేమమా అని రాశాడు. మీ ఉత్తరం అందింది అని అటునుంచి వచ్చింది. ఆయన మళ్లీ రాశాడు. వేళ్లు నొప్పి పుట్టి, మర్నాడు అటుగా తీగ సరిచేయడానికి వచ్చిన ఎసెన్‌ను పట్టుకున్నాడు.

"నేను భోంచేసొచ్చేలోపు వీళ్లకి మర్యాద తక్కువ కాకుండా ఏదన్నా ఏర్పాటుందా?"

"ఎందుకు లేదు ఆతా? దానంతటదే జవాబు ఇచ్చేట్టు పెట్టేస్తా" అన్నాడు ఎసెన్. పెద్దల మాట కాదనే అలవాటు అతనికి లేదు.

ఆతా భోజనానికి కూర్చున్నాడు. రెండు యంత్రాలూ ఒకదాన్నొకటి పలకరించుకోవడం మొదలుపెట్టాయి. మాంసం, నూడుల్సు తిని, చారు తాగి, చేతులు కడుక్కుని, దువా చేసి ఆయన లేచేసరికి జర్మనీవాళ్ల పశువుల క్షేమం కొన్ని వేలసార్లు అడగడం పూర్తయింది. అప్పుడు కొత్త ఫిర్యాదు ఒకటి వచ్చింది. మీ నెట్‌వర్కు నుంచి తెమిర్‌కుల్ అనే వ్యక్తి మా పెట్టెను ఉత్తరాలతో ముంచేస్తున్నాడు, తక్షణం అతనిపై చర్య తీసుకోండి అని.

ఆతా ఆ ఫిర్యాదును రెండుసార్లు చదివాడు. గడ్డం దువ్వుకున్నాడు. న్యాయం అందరికీ ఒకటే కాబట్టి తన మీద తనే విచారణ జరిపాడు. మర్యాద ఎక్కువ కావడం నేరం కాదని తేల్చి, అక్కడికక్కడే కేసు కొట్టేశాడు.

కొట్టేసినట్టు జర్మనీకి తెలియలేదు. వాళ్లు కంపెనీ చిరునామాలను చెడ్డ జాబితాలోంచి తీసి మరీ చెడ్డ జాబితాలో వేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇంతకుముందు బ్యాంకు ఉత్తరాలు బయటికి పోయేవి కావు, ఇప్పుడు లోపలికి రావడం కూడా మానేశాయి. జుమాగుల్ ఫోన్లో అరిచిన అరుపుకు కెంజె బైకే రిసీవరును చెవికి మూరెడు దూరంలో పెట్టుకోవలసి వచ్చింది.

"రేపు పొద్దున నేనే వస్తున్నా. కాయితాలు తీసుకొస్తా. సంతకం పెట్టేసి తెంచేసుకుందాం. అంతే!"

ఫోన్ పెట్టేశాక బైకే జానిల్ వంక చూశాడు. జానిల్ బైకే వంక చూడలేదు. కళ్లు చెమ్మగిల్లితే తుడుచుకుంది. ఇంతలో తలుపు తోసుకుని తెమిర్‌కుల్ ఆతానే వచ్చాడు, టోపీ, కర్ర, ఫోనుతో సహా, పెళ్లికి బయల్దేరినంత ఉత్సాహంగా.

"అమ్మాయ్, ఫిర్యాదులన్నిట్లోనూ ఒకే అంకె ఉంది. ఈ అంకె ఎవరింటిది?"

"అది ఒక ఇంటిది కాదు ఆతా. మన దగ్గర అంకెలు తక్కువ. అందుకని ఒక్కో వీధికి ఒక్కో అంకె ఇచ్చాం. బయటివాళ్లకి వీధంతా కలిపి ఒకే ఇల్లులా కనబడుద్ది. ఇది మన వీధిదే."

ఆతా మొహం వెలిగిపోయింది. "అదీ పద్ధతంటే! అయితే తప్పు వీధి మొత్తానిది. వంశంలో ఒకడు తప్పు చేస్తే వంశమంతా తలొంచుకోవాలి. తాతల నాటి లెక్కే మీ కంప్యూటర్లకీ తెలుసన్నమాట!"

"నాకొక్క పూట టైమివ్వండి ఆతా. ఎవరింట్లోంచి ఎంత పోతోందో మెషిన్లో చూసి పట్టేస్తా."

"చాటుగా జనం ఇళ్లలోకి తొంగి చూస్తావా? నా ఇంటి కోడలివై?" ఆతా కర్ర నేలకు తాటించాడు. "తప్పమ్మా. నలుగుర్నీ పిలుద్దాం. రొట్టె మీద ప్రమాణం చేయిద్దాం. చేసినవాడు వాడే లేచి నిలబడతాడు."

"ఆతా, అది మనిషి చేసింది కాదు, ఏదో పాడు మెషిన్..."

"మెషిన్ని ఇంట్లో పెట్టింది మనిషే కదా?" అన్నాడు ఆతా.

ఆయన వీధివాళ్ల ఫోను గ్రూపులో ఒక్క ముక్క పెట్టాడు. మన వీధి నుంచి జర్మనీవారికి అన్యాయం జరిగింది, రేపు పొద్దున అందరూ నెట్ కంపెనీ ఆవరణకు రావాలి, తప్పు తేలిన ఇంటికి పాత పద్ధతిలోనే జరిమానా, ఒక గుర్రం, ఒక గొర్రెతోలు కోటు. ఈ ముక్క ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతూ పోతూ ఒళ్లు చేసింది. మాపటికి జర్మనీ పోలీసులు బిష్కెక్‌లో దిగారని ఒకరు అన్నారు. ఇంటికో గుర్రమట అని మరొకరు అన్నారు. ఇంట్లోని నెట్ పెట్టె తెచ్చి ఒప్పజెప్పినవాళ్లను వదిలేస్తారట అని ఎవరన్నారో గాని, అన్నవాళ్లు వీధికి గొప్ప మేలు చేశారని తర్వాత తెలిసింది.

తెల్లారేసరికి కంపెనీ ఆవరణ తిరనాళ్లలా ఉంది. వీధి వీధంతా దిగింది. చేతిలో నెట్ పెట్టె లేనివాళ్లు లేరు. తీగలతో సహా పీకి, శాలువాల్లో చుట్టి, చంటిపిల్లలను ఎత్తుకున్నట్టు పట్టుకొచ్చారు. పెళ్లి హాలు నడిపే దోరోన్ తన కెమెరాలన్నీ గోనెసంచిలో పోసుకొచ్చి, పట్టపగలు దొంగసొత్తు మోస్తున్నవాడిలా నాలుగు వైపులా చూస్తున్నాడు. మూలింటి బురుల్ అవ్వ నెట్ పెట్టెతో పాటు కరెంటు కెటిలూ, ఇస్త్రీ పెట్టే కూడా తెచ్చింది.

"కెటిలెందుకవ్వా?" అన్నాడు ఎసెన్.

"ఏమో నాయనా. ఈ మధ్య అదో రకంగా కూస్తోంది. ఏ దేశంవాళ్లని ఏమంటోందో ఎవరికి తెలుసు?"

"దోరోన్‌దేనేమో చూడండి. వాడి సంచి చూడండి ఎంతుందో!" అంది పక్కింటావిడ.

"నాదా? నీ కొడుకు పొద్దస్తమానం ఆడే ఆటల సంగతి చెప్పమన్నావా?"

"నా కొడుకు జోలికొస్తే మర్యాద దక్కదు!"

ఆతా కర్ర ఎత్తాడు. అందరూ ఊరుకున్నారు. బల్లమీద గుడ్డ పరిచి గుండ్రటి రొట్టె పెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి రొట్టె మీద చెయ్యి వేసి, మేం జర్మనీకి ఏ అన్యాయమూ చేయలేదని ప్రమాణం చేయసాగారు. సరిగ్గా ఆ సమయానికి గేటు ముందు కారు ఆగింది. జుమాగుల్ చేతిలో కాగితాల కట్టతో దిగి, ఆ జనాన్నీ, ఆ రొట్టెనూ, ఆ కెటిల్‌నూ చూసి నోరు తెరిచింది.

"ఏంటిది కెంజెబెక్? సంతా?"

"విచారణ జరుగుతోంది చెల్లెమ్మా" అన్నాడు కెంజె బైకే. తర్వాత ఏమనాలో తోచక, "టీ తాగుతావా?" అన్నాడు.

జానిల్ మాత్రం లోపల కంప్యూటరు ముందు ఉంది. ఎవరి పెట్టె వాళ్లు పీక్కొచ్చేసరికి వీధి మొత్తం నెట్ ఆగిపోయింది. ఎప్పుడూ రాకపోకల గీతలతో సంతలా కిటకిటలాడే తెర మీద ఇప్పుడు ఏమీ లేదు. ఆమె ఆతృతగా ముందుకు వంగింది. ఏమీ లేదనుకున్న చోట ఒక్క గీత, ఒకే ఒక్క గీత, ఇంకా పరుగెడుతోంది. తిన్నగా జర్మనీకి. అంటే ఒక్క ఇంట్లో పెట్టె పీకలేదు. ఆ ఇంట్లో ఉన్న పాడు యంత్రమే ఇన్నాళ్లూ ఈ పని చేసింది. దొరికింది! ఆమెకు గంతులు వేయాలనిపించింది. ఏ ఇల్లో చూద్దామని గీత మీద నొక్కింది.

ఇంటి వివరాలు తెర మీదికి వచ్చాయి. ఆమె వాటిని మరోసారి చదువుకుంది.

అది గుర్రపుశాల కెమెరా. వేసవిలో మామగారి గుర్రం ఈనబోతోందంటే, వంటింట్లోంచే చూసుకోవచ్చని తానే ఉత్సాహపడి బిగించిన కెమెరా. అందరికీ పాస్‌వర్డు మార్చుకోండి, మార్చుకోండి అని చెప్పే జానిల్ దాని పాస్‌వర్డు మార్చలేదు. కొన్నప్పుడు డబ్బా మీద ఏముందో ఇప్పటికీ అదే. విచారించేవాళ్ల ఇల్లు కదా, మన పెట్టె పీకడం ఎందుకని ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

వెనకనుంచి వంగి చూసిన కెంజె బైకే కూడా అర్థం చేసుకున్నాడు. ఆయన గొంతు గుసగుస అయిపోయింది.

"మూసెయ్. మూసెయ్ తల్లీ. ఇంటికి ఫోన్ చేసి మీ అత్తగారితో పీకించెయ్యి. దొరకలేదందాం. ఏదో గాలికొచ్చింది, గాలికి పోయిందందాం."

జానిల్ చెయ్యి ఫోను మీదికి పోయింది. అంతటితో అయిపోయేదే. బ్యాంకు ముందు పరువు దక్కేది, వీధిలో మామగారి గౌరవం దక్కేది. అయితే బయట బురుల్ అవ్వ వంతు వచ్చింది. చెయ్యి రొట్టె మీద పెట్టి, నా కెటిల్ తప్పు చేసి ఉంటే నా గుర్రాన్ని తీసుకోండి అంటోంది. అవ్వకు గుర్రం లేదు. జానిల్ ఫోను కింద పెట్టేసి బయటికి వచ్చింది.

"దొరికింది ఆతా."

ఆతా టోపీ సర్దుకుని, గొంతు సవరించుకొని నిలబడ్డాడు. "శభాష్. నలుగురిలో చెప్పు. ఎవరింటిది?"

జానిల్ నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. ఎలా వస్తుంది? చెప్పవలసింది ఆ పేరే.

"అది... ఆ... నీలం గేటు ఇల్లు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ వీధిలో అన్ని గేట్లూ నీలమే.

"భయపడకమ్మా" అన్నాడు ఆతా. "ఎంత గొప్పవాడైనా సరే, నేనున్నా. పేరు చెప్పు."

"వాళ్లది... కొత్త పిల్లగుర్రం... ఆ ఇంట్లో..." జానిల్ బుగ్గలు కందగడ్డల్లా అయ్యాయి. తల వంచుకుని రుమాలు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

"పేరు చెప్పడానికేంటి అంత కష్టం?" అంది జుమాగుల్ విసుగ్గా.

ముందుగా అర్థమైంది బురుల్ అవ్వకు. ఆమె కెటిల్‌ను చంకలో ఇరికించుకుని, పళ్లులేని నోటితో ఒక్క కేక పెట్టింది.

"ఓరి నాయనో! ఈ వీధిలో ఈ పిల్ల నోట పలకని పేరు ఒక్కటే కదర్రా!"

ఆవరణ మొత్తం ఘొల్లుమంది. దోరోన్ సంచీ జారవిడిచి, గోడకు ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. ఎసెన్ నవ్వు ఆపుకోవడానికి రొట్టె కింద పరిచిన గుడ్డ కొస నోట్లో కుక్కుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడింది.

తెమిర్‌కుల్ ఆతా మాత్రం నవ్వలేదు. కోడలి వంక చూశాడు. జానిల్ కన్నీళ్లు నేల మీద పడుతున్నాయి.

"నేనే బిగించాను ఆతా. పాస్‌వర్డు మార్చలేదు. తప్పు నాదే."

"కోడలి తప్పు ఇంటి తప్పు" అన్నాడు ఆతా. తల మీది టోపీ తీసి బల్లమీద పెట్టాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "మొన్న నా మీద కేసొస్తే నేనే కొట్టేశా. అప్పుడు చూసేవాళ్లు లేరు. ఇప్పుడు మీరంతా ఉన్నారు. తెమిర్‌కుల్ ఇంటికి జరిమానా ఒక గుర్రం, ఒక కోటు. గుర్రం నా పిల్లగుర్రమే. కోటు నేను తొడుక్కునేదే. అమ్మాయ్, అలాగే జర్మనీకి రాయి. వీధివాళ్లు నిర్దోషులనీ, మా ఇల్లే దోషి అనీ రాయి. చేత్తో పేరు రాయొచ్చు. ఈ ఒక్కసారికి నేను అనుమతి ఇస్తున్నా."

ఇంటికి ఫోన్ చేసి కెమెరా పీకించారు. తెర మీది ఆఖరి గీత టక్కున ఆగిపోయింది. జానిల్ ఏడుస్తూనే ఉత్తరం రాసింది, పేరుతో సహా, తన తప్పుతో సహా. బూడిదరంగు పిల్లగుర్రం ఫొటో కూడా జత చేయమన్నాడు ఆతా. చూడకుండా గుర్రాన్ని ఎవరు తీసుకుంటారని.

జుమాగుల్ కాగితాల కట్ట పట్టుకొని ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమె మొహంలో విసుగు ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

"కెంజెబెక్, బిష్కెక్ కంపెనీకి నేను మూడుసార్లు ఫోన్ చేశా. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటారు. నొక్కి నొక్కి వేలు పోయింది, మనిషి మాత్రం పలకలేదు" అంది. కట్ట సంచిలో పెట్టేసుకుంది. "ఈ పెద్దాయన్ని మీరు మార్చనంటే నేను కంపెనీని మార్చను. ఆ జాబితా సంగతి మాత్రం తేల్చండి."

"ఆ అమ్మాయి ఉద్యోగం?" అన్నాడు ఆతా, టోపీ ఇంకా పెట్టుకోకుండానే.

"పాస్‌వర్డు మర్చిపోయిందని తీసేస్తే మనూళ్లో ఎవరుంటారు పనిలో?" అన్నాడు కెంజె బైకే. ఆయన సొంత పాస్‌వర్డు కూడా ఇంకా డబ్బా మీద ఉన్నదేనని ఎసెన్‌కు తెలుసు. అందుకే గబగబా మాట మార్చి అందరికీ టీ పోయించాడు. జానిల్‌కు తన చేత్తో పోసి ఇచ్చాడు. ఆ టీ అంత రుచిగా ఆమె జన్మలో తాగలేదు.

వారం తిరగకముందే జర్మనీ నుంచి జవాబు వచ్చింది. ఈసారి యంత్రం రాసింది కాదు. ఎల్కె అనే ఆవిడ తన పేరు పెట్టి రాసింది. మేము పంపే ఫిర్యాదులకు లెక్కే లేదు, మనిషి జవాబు రాయడం, తప్పు మా ఇంటిదే అని ఒప్పుకోవడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి అంది. మీ చిరునామాలన్నిటినీ జాబితాలోంచి తీసేశాం అంది. జానిల్ ఆ వాక్యం దగ్గర ఎగిరి గంతేసి, కెంజె బైకేను కౌగిలించుకోబోయి, ఆయన వరసకు పెద్దవాడని గుర్తొచ్చి ఎసెన్ వీపు మీద ఒక్క చరుపు చరిచింది. పెద్దాయన మిగతాది గట్టిగా చదవమన్నాడు. మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది, గుర్రం ఎక్కలేదు, కాబట్టి దాన్ని తల్లి దగ్గరే ఉంచండి అంది ఎల్కె. కోటు విషయంలో మాత్రం ఒక చిక్కు వచ్చిందట. అది ఎవరికి చెందాలన్న దాని మీద వాళ్ల విభాగంలో తగాదా మొదలై ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారట. మీ పెద్దల కోర్టు బయటి దేశాల కేసులు కూడా తీసుకుంటుందా అని అడిగింది.

తెమిర్‌కుల్ ఆతా లేచి టోపీ పెట్టుకున్నాడు. ఇన్ని ఫిర్యాదుల్లో సరైన చిరునామాకు వచ్చింది అదొక్కటే.